ఇక్కడ పోటు లేదు

నిన్న పొద్దున మా ఈతకొలనుకు కొత్త బంతుల సంచి వచ్చింది. మూతి తాడు విప్పానో లేదో, గుప్పున కొత్త రబ్బరు వాసన. పిల్లలు బంతుల మీద పడి లాక్కుంటుంటే నేను ఒకదాన్ని ముక్కుకు ఆనించుకుని అలాగే నిలబడిపోయాను. "అక్కా, అది బంతి, మామిడిపండు కాదు" అని ఒక గడుగ్గాయి అననే అన్నది. అననీ, వాళ్ళకేం తెలుసు? ఆ వాసన తగిలితే చాలు, మా సుగుణ టీచర్ మెడలో ఈలతో, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని నా వెనకే నిలబడి, "ఏంది మే, ఒడ్డున నిలబడి కలలు కంటుండావు? దిగు!" అంటున్నట్టే ఉంటుంది. ఇవాళ నేను నెల్లూరులో పిల్లలకు వాటర్ పోలో నేర్పుతున్నానన్నా, అసలు ఆ ఆట పేరు నా చెవిన పడిందన్నా అంతా ఆమె చలవే. ఆమె పోయి ఏడాది దాటింది. ఆమెను ఎన్నడూ చూడనివాళ్ళకు ఆమె ఎలాంటి మనిషో చెప్పాలని అప్పటినుంచీ ఉంది. చెప్పబోతే నవ్వూ ఏడుపూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. అందుకే ఇన్నాళ్ళూ ఆగాను.

ముందు ఆట సంగతి. వాటర్ పోలో అంటే నీళ్ళలో ఆడే బంతాట. ఒక్కో జట్టుకు ఏడుగురు నీళ్ళలో ఉంటారు. కాలు అడుక్కి ఆనించకూడదు, ఆట సాగినంతసేపూ తేలుతూనే ఉండాలి. బంతిని ఒంటిచేత్తో పట్టి ఒంటిచేత్తోనే విసరాలి. గోలు కాసే మనిషికి మాత్రం రెండు చేతులూ వాడుకునే వీలుంది. నేను గోలు కాసేదాన్ని. పైనుంచి చూసేవాళ్ళకు టోపీలు పెట్టుకున్న తలకాయలు బంతి కోసం కొట్టుకుంటున్నట్టు కనిపిస్తుంది గానీ, అసలు ఆటంతా నీళ్ళ కింద కాళ్ళలో ఉంటుంది. రెండు కాళ్ళనూ మార్చి మార్చి గుండ్రంగా తిప్పుతుంటే మనిషి భుజాలు, ఛాతీ దాకా నీళ్ళపైకి లేస్తుంది. సుగుణ టీచర్ దాన్ని చిలకడం అనేవారు. మజ్జిగ చిలికినట్టు ఒకే తీరుగా, ఆగకుండా. "చిలకండి మే, చిలకండి! నిద్ర పోయినా కాళ్ళు చిలకతానే ఉండాల" అని ఆమె ఒడ్డు మీంచి అరిస్తే కొంగలు లేచిపోయేవి.

మాది వాకాడు దగ్గర పల్లె. నాయనకు కాస్త వరి పొలం. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, నూర్పిళ్ళయ్యాక ఒకరోజు గడ్డివామి వేస్తున్నాం. నాయన కింద నుంచి గడ్డిమోపులు విసురుతుంటే నేను వామి మీద నిలబడి రెండు చేతులా అందుకుని సర్దుతున్నాను. రోడ్డు మీద పోతున్న స్కూటర్ ఒకటి ఆగింది. మా హైస్కూలుకు కొత్తగా వచ్చిన పీఈటీ టీచర్. చీర కింద ట్రాక్ ప్యాంటు వేసుకునే మనిషి కాబట్టి ఊరంతటికీ అప్పటికే తెలుసు. హెల్మెట్ తీయకుండానే చాలాసేపు మమ్మల్ని చూసి, "అన్నా, ఈసారి కొంచెం పక్కకి ఇసురు" అన్నారు.

నాయనకు ఏమీ అర్థం కాలేదు గానీ, టీచరమ్మ చెప్పింది కదా అని పక్కకు విసిరాడు. నేను అటు దూకి పట్టుకున్నాను.

"ఇంకొంచెం పక్కకి." అదీ పట్టాను.

"ఇప్పుడు ఆ పిల్ల చూడనప్పుడు ఇసురు."

"చూడనప్పుడు ఇసిరితే మూతి మీద పడదా టీచరమ్మా?"

పడింది. కళ్ళ నిండా, నోటి నిండా గడ్డి. మోపు మాత్రం నా చేతుల్లోనే ఉంది. ఆమె హెల్మెట్ లోపల్నుంచే పకపకా నవ్వారు. "ఈతొచ్చా మే నీకు?" అని అడిగారు. కాలవలో ఈదుతానని చెప్పాను. "చాలు, రేపు ఏటికి రా" అన్నారు. నాయన తలగుడ్డ విప్పి దులుపుకుంటూ, "ఏట్లో ఏం పనమ్మా?" అన్నాడు. బంతాట అని తెలిశాక, "ఇంత నేల పెట్టుకొని నీళ్ళల్లో ఆడేదేంది!" అని ముక్కున వేలేసుకున్నాడు. ఇంటికొచ్చాక అమ్మ, ఏట్లో పడి పోయినవాళ్ళ పేర్లన్నీ తాతల కాలం నుంచి ఏకరువు పెట్టింది. చివరికి నాయన ఒక షరతు పెట్టాడు. నేను నీళ్ళలో ఉన్నంతసేపూ తాను ఒడ్డున కూర్చుంటాడట. "కూర్చో అన్నా, బాగుంటది. బంతి కొట్టుకుపోతే తెచ్చేదానికి మాకూ ఒక మనిషి కావాల" అన్నారు టీచర్. వేళాకోళానికి అన్నదే నిజమైంది. నాయన కొన్నేళ్ళపాటు బంతులు తెచ్చాడు.

మా ఏరు ఉప్పుటేరు, ఊరికి దగ్గర్లోనే సముద్రంలో కలుస్తుంది. పాటు సమయంలో నీళ్ళు సముద్రంలోకి లాగేసి మోకాటి లోతు బురద మిగులుతుంది. పోటు వచ్చి సముద్రం ఏట్లోకి ఎక్కితేనే మనిషి మునిగేంత లోతు. కాబట్టి మా ఆట ఎప్పుడూ పోటులోనే. పోటు ఏ పూట వస్తుందో వేటకు పోయేవాళ్ళను అడిగి కనుక్కుని, ఒకరోజు తెల్లవారుతూనే, ఇంకోరోజు బడి వదిలాక దిగేవాళ్ళం. దక్షిణపు ఒడ్డున సరుగుడు కర్రలు నాటి, వేటవాళ్ళు పారేసిన వల కట్టి టీచర్ గోలు తయారు చేశారు. ఆమె ఎప్పుడూ గోలు వెనక ఒడ్డు మీద గొడుగు వేసుకుని నిలబడేవారు. అక్కడి నుంచి చూస్తే గోలు కాసే పిల్ల నడిమధ్యన ఉందో లేదో కొలిచినట్టు తెలుస్తుందని.

నడిమధ్యన ఉండటమే గండం. గోలులో నిలబడితే నాకు కుడివైపు సముద్రం, ఎడమవైపు ఊరు. పోటు నీళ్ళు కుడి నుంచి ఎడమకు తోసుకొస్తుంటాయి. చిలుకుతూనే, కుడివైపుకు, అంటే సముద్రం వైపుకు ఆగకుండా ఒక తన్ను తన్నుతూ ఉండాలి. ఏమరితే ఎడమ కర్ర దాటి ఊరివైపు కొట్టుకుపోవడమే. మొదట్లో ఎన్నిసార్లు కొట్టుకుపోయానో! నాయన తలగుడ్డ విప్పి ఒక కొస విసిరితే పట్టుకుని ఒడ్డుకు వచ్చేదాన్ని. రానురాను ఆ తన్ను నా ఒంట్లో కలిసిపోయింది. తన్నుతున్నానని కూడా తెలిసేది కాదు.

దిగే ముందు టీచర్ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవారు. ఆమె ప్రార్థనలు పొట్టివి. "ప్రభువా, ఈ పిల్లల కాళ్ళు నేలకి ఆననియ్యొద్దు, నోళ్ళు నీళ్ళకి తెరవనియ్యొద్దు, ఆమెన్." ఆ వెంటనే నా వైపు తిరిగి, "మీ గంగమ్మకి కూడా ఒక మాట చెప్పుకో పెంచలా. ఇద్దరు చూస్తుంటే నాకు ధైర్యం" అనేవారు. ఇక నీళ్ళలో జాలీ దయా ఉండేవి కావు. ప్లాస్టిక్ బిందె సగం దాకా నింపి, రెండు చేతులా తలపైకి ఎత్తిపట్టుకుని చిలకమనేవారు. బంతి ముఖం మీదికి వస్తుంటే కళ్ళు మూసుకున్నామా, మళ్ళీ అక్కడికే విసిరేవారు. "కళ్ళు మూసుకుంటే బంతి మాయమైపోద్దా? ఎవరు చెప్పినారు నీకు?" అని కోప్పడేవారు. ఒకసారి నేను ముక్కు అదిరి, ఏడుస్తూ, ఇంక రానంటే రానని ఒడ్డున కూలబడ్డాను. ఆమె బతిమాలలేదు. పక్కన కూర్చుని, సంచిలోంచి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తీసి ఒలుస్తూ, "సరే, రావొద్దు. ఈ కాయలు తిని పో" అన్నారు. కాయలు తినేలోగా ఏడుపు ఆగింది. పోటు ఇంకా ఉంది. ఇద్దరం కాసేపు ఏటిని చూశాం. నేనే లేచి దిగాను. ఆమె కాయలు ఒలుచుకుంటూనే ఉన్నారు, తలెత్తి చూడనైనా లేదు.

ఆమె బిట్రగుంట రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన మనిషి. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, అదీ రైల్లో. రాష్ట్ర జట్టు ఎంపికకు విజయవాడ పోతున్నాం. బిట్రగుంటలో బండి నెమ్మదించగానే ఆమె కిటికీ కడ్డీలు పట్టుకుని లేచి నిలబడ్డారు. పాత ఇళ్ళు, పెద్ద పెద్ద చెట్లు వెనక్కి పోతున్నాయి. "మా నాయన ఈడనే ఇంజన్ల దగ్గర పని చేసినాడు" అన్నారు. కాలనీలో మగపిల్లలకు వాటర్ పోలో జట్టు ఉండేదట. గోలు కాసే పిల్లవాడు ఎప్పుడూ బడి ఎగ్గొట్టినట్టే ఆట కూడా ఎగ్గొట్టేవాడట. అతని బదులు ఈమెను నిలబెట్టేవారు. రోజూ ఈమే. "నా చేతుల్లో నుంచి బంతి పోనిచ్చేదాన్ని కాదు మే. వాళ్ళే చెప్పేవోళ్ళు, సుగుణ ఉంటే గోలు పడదని."

"మరి మ్యాచ్‌లలో?" అని అడిగాను.

"మ్యాచ్ రోజు మగపిల్లలే గదా దిగాల. ఆడోళ్ళకి జట్టే లేదు. నన్ను ఒడ్డున నిలబెట్టి తువ్వాళ్ళు పట్టుకోమనినారు. అందరియ్యీ. ఇంతెత్తు." గడ్డం దాకా చెయ్యెత్తి చూపించారు. నవ్వుతూనే చెప్పారు. నేనూ నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాను. బండి వేగం అందుకున్నాక కూడా ఆమె చాలాసేపు కూర్చోలేదు.

ఆ తర్వాత రాష్ట్ర జట్టు, ఆ పైన దేశం జట్టు. అది ఒక్కరోజులో జరగలేదు గానీ ఆ కథంతా ఇక్కడ అక్కర్లేదు. దేశం జట్టుకు కోచ్ ఒక మలయాళీ మేడం, మంచి మనిషి, కష్టపడి నేర్పేవారు. శిక్షణ శిబిరంలో ఆమెకు నా గురించి ఒకటే దిగులు. మామూలు రోజుల్లో గోలు చక్కగా కాస్తాను. గట్టి జట్టుతో ఆడుతూ గుండె దడదడలాడే వేళకు మాత్రం నా ఎడమవైపు మూలకు గోల్స్ పడిపోతాయి. అన్నీ అటే. ఎడమ చెయ్యి బలం చాలదని ఆమె తేల్చారు. ఆ చేత్తో బరువులెత్తించారు, గోడకు బంతులు కొట్టించారు, చివరికి అన్నం కూడా ఆ చేత్తోనే తినమన్నారు. ఎడమ చేత్తో అన్నం తిన్నానని తెలిస్తే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానిచ్చేది కాదు. చెయ్యి రాయిలా తయారైంది. గోల్స్ మాత్రం పడుతూనే ఉన్నాయి.

ఆ ఏడు ఆసియా దేశాల ఆడవాళ్ళ పోటీలు మన దేశంలోనే, సముద్రానికి ఎక్కడో దూరాన ఉన్న ఒక పెద్ద నగరంలో పెట్టారు. పోటీల ముందు రోజు జట్టును నడిపే సంఘం నుంచి ఒక పెద్దాయన వచ్చి మమ్మల్ని కూర్చోబెట్టి, మెత్తగానే చెప్పాడు. ఏళ్ళుగా ఓడిపోతూనే ఉన్నారు, ఈసారి ఒక్క మ్యాచ్ అయినా గెలవండి, లేకపోతే వచ్చే ఏడు నుంచి ఆడవాళ్ళ జట్టును నడపడం మా వల్ల కాదు అని. అరిచి ఉంటే తిరిగి అరిచేవాళ్ళం. మెత్తగా చెప్పేసరికి తలలాడించి లేచి వచ్చేశాం. గదికి వచ్చి టీచర్‌కు ఫోన్ చేశాను. అంతా విన్నారు.

"వస్తుండా" అన్నారు. "జట్టు లేకపోతే ఏమైతదో నాకు తెలుసు మే. తువ్వాళ్ళు పట్టుకోవాల."

వచ్చారు. రైలు ప్రయాణంతో వాడిన ముఖంతో, ఒక చేతిసంచితో, ఒక డబ్బా నిండా కందిపొడితో. మామూలు ప్రేక్షకుల టికెట్టు కొనుక్కుని, వాళ్ళు చూపించిన పక్క వరసలో కూర్చున్నారు. మొదటి మ్యాచ్ ఓడిపోయాం. రెండోదీ ఓడిపోయాం. మూడోది చెప్పుకోవడానికే సిగ్గు. మంచి జట్లు, వాళ్ళ చేతిలో ఓడిపోవడం తప్పు కాదు. కానీ గోల్స్ మళ్ళీ ఎడమ మూలకే. పడిన ప్రతిసారీ నేను గ్యాలరీ వైపు చూసేదాన్ని. టీచర్ గడ్డం కింద పిడికిలి పెట్టుకుని, కనుబొమలు ముడిచి నన్నే చూస్తుండేవారు. బయట కలిసినప్పుడు ఆట మాటే ఎత్తలేదు. "అన్నం తిన్నావా? పొడి కలుపుకున్నావా?" ఇదే. అడగకపోవడానికే నాకు ఎక్కువ భయం వేసింది. ఆమెకూ అంతుపట్టలేదని అప్పుడు తెలిసింది.

మిగిలింది ఒక్క మ్యాచ్, ఆఖరి స్థానానికి. అవతలివాళ్ళూ మాలాగే అన్నీ ఓడిపోయి వచ్చినవాళ్ళు. అడుగున ఎవరుండాలో తేల్చే మ్యాచ్ ఎవడు చూస్తాడు? గ్యాలరీ ఖాళీ. ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు. టీచర్ సంచి చంకన పెట్టుకుని మెట్లన్నీ దిగి, నా గోలుకు సరిగ్గా వెనక, అన్నిటికన్నా కింది వరసలో వచ్చి కూర్చున్నారు, ఏటి దగ్గర లాగే. ఈల వేయకముందు ఆమె పెదాలు కదలడం చూశాను. నేను గంగమ్మకు ఒక మాట చెప్పుకున్నాను.

వాళ్ళు ఒకటి వేస్తే మేము ఒకటి. మేము ఒకటి వేస్తే వాళ్ళు ఒకటి. ఎవరూ రెండు ముందుకు పోలేదు. మా జట్టులో ఒకమ్మాయికి మోచెయ్యి తగిలి పెదవి చిట్లింది, అయినా బయటికి పోనంది. ఆఖరి భాగంలో కోచ్ మేడం గొంతు పోయి చేతులతో సైగలు చేస్తున్నారు. గంట మోగేసరికి సమానం. ఇక తేల్చేది పెనాల్టీలే. ఒక్కో జట్టు నుంచి ఐదుగురు, ఒకరి తర్వాత ఒకరు, ఎదురుగా వచ్చి గోలు మీదికి విసరాలి. మధ్యలో అడ్డం ఎవరూ ఉండరు. విసిరే మనిషి, కాసే మనిషి, అంతే.

వాళ్ళ మొదటి అమ్మాయి విసిరింది. ఎడమ మూల. నా చెయ్యి పోయింది గానీ అందలేదు. మావాళ్ళు కూడా వేశారు. వాళ్ళ రెండో అమ్మాయి వచ్చింది. మళ్ళీ ఎడమ మూల, మొదటిదానికన్నా నెమ్మదిగా, వెక్కిరిస్తున్నట్టు. అందలేదు. మా రెండో అమ్మాయి విసిరిన బంతి స్తంభానికి తగిలి వెనక్కి వచ్చింది. మేము వెనకబడ్డాం. కోచ్ మేడం బల్ల దగ్గర ముఖం రెండు చేతుల్లో దాచుకున్నారు. జట్టు పోయింది అనుకున్నాను. నా వల్లే పోయింది అనుకున్నాను. కాళ్ళు మాత్రం చచ్చేంత బలంగా చిలుకుతున్నాయి.

అప్పుడు వెనక నుంచి ఆ కేక.

"పెంచలా! ఈడ పోటు లేదు మే! పోటు లేదు!"

ఖాళీ గ్యాలరీ కదా, ఆ గొంతు పైకప్పుకు తగిలి తిరిగి వచ్చింది. రిఫరీ తల తిప్పి చూశాడు. నిర్వాహకుల తరఫున తిరిగే ఒక అమ్మాయి పరుగెత్తుకొచ్చి కూర్చోమని బతిమాలుతోంది. టీచర్ కూర్చోలేదు, ఆ అమ్మాయిని చేత్తో పక్కకు జరిపి, "యాడికి పోతుండావో చూసుకో! సముద్రం లేదు ఆడ!" అని ఇంకో కేక పెట్టారు.

చూసుకున్నాను. నా కుడి మోచెయ్యి గోలు స్తంభానికి ఆనుకునేటంత దగ్గరగా ఉంది. నడిమధ్యన ఉన్నాననే అనుకుంటున్నాను, కానీ ఎప్పుడు జరిగానో తెలియకుండానే కుడి పక్కకు వచ్చేశాను. గుండె దడ పుడితే చాలు, నా ఒళ్ళు ఏట్లోకి వెళ్ళిపోతోంది. రాని పోటును తన్నుతోంది. ఎడమ చేతికి బలం లేకపోవడమేమిటి, పాపం, అది ఎంత సాగినా ఆ మూల దానికి అందదు! సగం గోలును నేనే వదిలేసి సముద్రం వైపుకు పోతున్నాను.

మధ్యలోకి వచ్చాను. వచ్చి, కుడికాలి తన్ను ఆపాను. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి ప్రాణం పోయినంత పనయింది. ఆపితే కొట్టుకుపోతావని ఒళ్ళంతా మొత్తుకుంటోంది. కొన్నేళ్ళుగా ఆ తన్నే నన్ను బతికించింది మరి. నీళ్ళ వైపు చూశాను. నీలంగా, కదలకుండా, గిన్నెలో పోసినట్టు ఉన్నాయి. నన్ను ఎటూ లాగడం లేదు. మూడో అమ్మాయి చెయ్యెత్తింది. ఎడమ మూలకే విసిరింది, అక్కడ ఖాళీ ఉంటుందని అలవాటైపోయింది కదా. బంతి వచ్చి నా అరచేతికి ఠపీమని కొట్టుకుంది. ఇన్నాళ్ళూ అన్నం తిన్న చెయ్యి, ఊరుకుంటుందా? అది నీళ్ళలో పడేలోగా టీచర్ ఈల వినిపించింది. ఈల కూడా తెచ్చుకున్నారు మహాతల్లి! ఈసారి రిఫరీ గట్టిగానే హెచ్చరించాడు.

మా మూడో అమ్మాయి వేసింది, సమానం. నాలుగోసారి ఇద్దరూ వేశారు. వాళ్ళది నా తల మీదుగా పోయిన బంతి, ఎవరైనా వదిలేసేదే. వాళ్ళ ఐదో అమ్మాయి వచ్చి బంతి పట్టుకుని నా కళ్ళలోకి చూసింది. ఎటూ తన్నకుండా, ఉన్నచోటే చిలుకుతూ, నేనూ ఆమెను చూశాను. ఈల మోగింది. ఆమె కుడివైపుకు విసిరింది. మధ్యలో ఉన్నదానికి కుడీ ఎడమా ఒకటే. రెండు చేతులతో ఆపి, గడ్డిమోపును పట్టుకున్నట్టు బంతిని గుండెకు హత్తుకున్నాను. పెదవి చిట్లిన మా అమ్మాయి ఆఖరి బంతి విసిరింది. అది వలలో పడ్డాక ఏం జరిగిందో నాకు వరసగా గుర్తు లేదు. నీళ్ళలో అందరం ఒకరి మీద ఒకరం పడ్డాం. ఏ ఏడుపు ఎవరిదో తెలియలేదు.

ఒడ్డెక్కాక కోచ్ మేడం బొంగురు గొంతుతో, "ఎవరావిడ? ఏం అరిచారు?" అని అడిగారు.

"నీళ్ళు కదలడం లేదని చెప్పారు మేడం."

"అది నాకూ కనిపిస్తోంది కదా!" అన్నారు ఆమె, అయోమయంగా. తర్వాత కూర్చోబెట్టి అంతా చెబితే తల పట్టుకుని నవ్వి, టీచర్‌ను వెతుక్కుంటూ వెళ్ళి ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు.

అంతకంటే ముందే నేను ఆమెను కలిశాను. బట్టలు మార్చుకునే గదుల బయట బల్ల మీద కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ కూర్చుని ఉన్నారు. సంతోషంతో అనుకుని దగ్గరికి పోతే కాదు, కోపంతో. అదీ ఆమె మీద ఆమెకే. "పక్కన కూర్చుని మూడు మ్యాచ్‌లు చూసినా, కనపడలా నాకు. ఈరోజు వెనక కూర్చుంటే గదా తెలిసింది. నేనే నేర్పించినా ఆ తన్ను. ఎప్పుడు చూసినా పోటే, పోటే. ఒక్కనాడైనా పాటులో ఆడించి ఉంటే..."

"పాటులో నీళ్ళు యాడివి టీచర్? బురదే గదా" అన్నాను.

ఒక్క క్షణం నా ముఖం చూసి, ఏడుస్తూనే ఫక్కున నవ్వారు. నేను వణుకుతున్నాను. ఆమె సంచిలోంచి పొడి తువ్వాలు తీసి నా భుజాల మీద కప్పబోయి, తన చేతిలో ఉన్నదేమిటో అప్పుడే చూసుకున్నట్టు ఆగిపోయారు. "చూడు మే, మళ్ళీ తువ్వాలే" అన్నారు. ఆమే నన్ను దగ్గరికి లాక్కుని తల తుడుస్తూ, "ఇది మాత్రం ఇష్టంగా పట్టుకున్నాలే" అన్నారు.

జట్టు ఉంది. ఇప్పటికీ ఉంది. నేను కొన్నేళ్ళు ఆడి, మానేసి, పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాను. టీచర్ రిటైరై బిట్రగుంటకే వెళ్ళిపోయారు. కిందటేడు వానాకాలం ముందు ఊపిరితిత్తులు పాడై నెల్లూరు ఆసుపత్రిలో చేర్చారని తెలిసి మధ్యాహ్నం పరుగెత్తాను. ముక్కుకు గొట్టం, మూసిన కళ్ళు. టీచర్ చెల్లెలు పక్కన నిలబడి మెల్లగా ప్రార్థన చేస్తున్నారు. దుప్పటి కింద టీచర్ కాళ్ళు రెండూ ఆగకుండా కదులుతున్నాయి. నర్సు వచ్చి, "అమ్మా, కాళ్ళు ఆడించకండి, ఆయాసం ఎక్కువవుతుంది" అని పట్టుకోబోతే విదిలించుకుంటున్నారు. అదేమిటో అక్కడ ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. మార్చి మార్చి, గుండ్రంగా. చిలుకుతున్నారు.

మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, "టీచర్, నేను పెంచలను. ఈడ పోటు లేదు టీచర్. చిలికింది చాలు" అన్నాను. రెండోసారి చెప్పాను. ఏడుపు ఆపుకోలేక మూడోసారి సరిగ్గా చెప్పలేకపోయాను. కాళ్ళు నెమ్మదించాయి. ఒకటి ఆగింది, తర్వాత రెండోది ఆగింది. ఆమె చెయ్యి నా తల మీదికి రాబోయి చెవి దగ్గర ఆగిపోయింది. మర్నాడు పొద్దున పోయారు.

నాకు ఇప్పటికీ ఆ తన్ను పోలేదు. ఇంట్లో ఎవరికైనా జ్వరం ఎక్కువైనా, ఎవరైనా పెద్దవాళ్ళ ముందు కూర్చుని మాట్లాడవలసి వచ్చినా, బల్ల కింద నా కుడికాలు దేన్నో తన్నుతూ ఉంటుంది. అప్పుడు ఆ కేక వింటాను. నిజంగా నన్ను తోస్తున్నది ఏదైనా ఉందా అని చూసుకుంటాను. ఒక్కోసారి ఉంటుంది, తన్నుతాను. చాలాసార్లు ఏమీ ఉండదు.

నిన్న కొత్త బంతులతో ఆడిస్తుంటే గోలులో ఉన్న చిన్నది, మామిడిపండన్న ఆ గడుగ్గాయే, బంతి వస్తోందంటే బిగుసుకుపోతోంది. దాని వెనక ఒడ్డున నిలబడి ఉన్నాను, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. "ఈడ పోటు లేదు మే!" అన్నాను. ఆ పిల్ల ఆట ఆపి వెనక్కి తిరిగి, "పోటు అంటే ఏందక్కా?" అని అడిగింది. నెల్లూరు నడిబొడ్డున పుట్టిన పిల్ల, పాపం, ఏటిని ఎప్పుడు చూసింది? వచ్చే ఆదివారం అందరినీ మా ఏటికి తీసుకుపోతున్నాను. ఒక్కసారి కొట్టుకుపోతే గానీ వాళ్ళకు తెలియదు. పోటు ఏ పూట వస్తుందో కనుక్కోమని నాయనకు ఫోన్ చేశాను.

"కనుక్కుంటా గానీ, తలగుడ్డ తెచ్చుకోవాల్నా?" అన్నాడు.

"తెచ్చుకో నాయనా" అన్నాను.